మూడు బెల్టుల నుంచి ఒక్క బెల్టుకి: ఒక కాంటెస్సా కేసు

1994 మోడల్ కాంటెస్సా క్లాసిక్, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ పాత కారు. ఇసుజు 1817 సి.సి. పెట్రోల్ ఇంజను, ఐదు గేర్లు. యజమాని విశాఖ స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన, ఉండేది కూర్మన్నపాలెం. కంచరపాలెంలో మా షెడ్డుకి బండి వచ్చినప్పుడు కంప్లయింటు ఇదీ: ఏసీ, పవర్ స్టీరింగ్, వాటి బెల్టులూ పీకించేసిన దగ్గర్నుంచి సింహాచలం కొండ ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. ఎన్‌ఏడీ జంక్షన్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా మాత్రం ఏమీ కాదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బెల్టు కీచుమంటుంది, కాసేపటికి ఆగిపోతుంది.

మా దగ్గరికి రాకముందే దీని మీద బోలెడు పని జరిగింది. రేడియేటర్ కోర్ కొత్తది వేశారు. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్ వైపు పోనివ్వని వాల్వు) తీసి పారేశారు. వాటర్ పంపు ఒకటికి రెండుసార్లు మార్చారు, మార్చిన కొన్నాళ్ళకే ప్రతిదీ కారడం మొదలెట్టింది. ఇప్పుడు బ్యాటరీకి ఛార్జింగు ఇచ్చే ఆల్టర్నేటర్ బేరింగు కూడా గుర్రుమంటోంది. పెద్దాయన అడిగిన ప్రశ్న మాత్రం చాలా న్యాయమైనది: "ఏటి బాబూ, బెల్టులు తగ్గితే ఇంజనుకి బరువు తగ్గాలి గదా. మరి వేడెందుకు ఎక్కువవుతాది?"

ఏసీ, పవర్ స్టీరింగ్ తీయించడం తప్పు నిర్ణయమని నేననుకోను. కంప్రెసర్ జామ్ అయింది, గ్యాస్ ఎప్పుడో కారిపోయింది. అది ఆర్-12 కాలం నాటి సెటప్పు. ఓజోన్ పొరని తినేస్తుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం కింద ఆపించాలనుకున్న గ్యాసు అదే. ఇవాళ దాన్ని బాగుచేయించాలంటే పైపుల దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. పవర్ స్టీరింగ్ కూడా కంపెనీది కాదు, తర్వాత ఎక్కడో పెట్టించింది. పంపు సీళ్ళు పోయి నూనె కారుతోంది. కాంటెస్సా తయారీ 2002లోనే ఆగిపోయింది, సామాను దొరకడమే కష్టం. అలాంటప్పుడు లేనిపోనివి తీసేసి బండిని సింపుల్‌గా ఉంచుకోవాలనుకోవడం తెలివైన పనే. పైగా పాత మామూలు స్టీరింగ్ సెట్టుని ఆయన గోనెసంచిలో చుట్టి మెట్ల కింద దాచి ఉంచారు. ముందు షాపువాళ్ళు దాన్ని తిరిగి బిగించారు. ఆ పని వాళ్ళు సరిగ్గానే చేశారని చెప్పాలి. చాలామంది పంపు తీసేసి, పవర్ స్టీరింగ్ నూనె పోర్టులు రెండింటికీ బోల్టులు బిగించి వదిలేస్తారు. లోపల నూనెకి దారి లేక స్టీరింగ్ బండరాయై కూర్చుంటుంది. ఇక్కడ ఆ గొడవ లేదు.

బానెట్ కింద కనిపించింది

ఇంజను ముందు ఇప్పుడున్నది ఒకే బెల్టు. ఇంజను నేరుగా తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి వాటర్ పంపు మీదుగా ఆల్టర్నేటర్‌కి వెళ్ళి మళ్ళీ క్రాంక్‌కి వస్తోంది. ఇంజను తిప్పే ఫ్యాను వాటర్ పంపు ముక్కుకే బిగించి ఉంటుంది కాబట్టి, ఆ పంపు పుల్లీ స్లిప్ అయితే నీళ్ళ ప్రవాహమూ తగ్గుతుంది, గాలీ తగ్గుతుంది.

బొటనవేలితో నొక్కితే బెల్టు కదల్లేదు. ఏ పెద్ద రాడ్డో వేసి ఆల్టర్నేటర్‌ని బలంగా లాగి బిగించారు. పంపులు వరసగా ఎందుకు పోతున్నాయో ఇక్కడే తెలిసిపోయింది. బెల్టు అతిగా బిగిస్తే ఆ లాగుడంతా పంపు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. బేరింగు కొట్టుకోవడం మొదలెట్టాక సీలు నిలవదు. పంపు కింద చిన్న రంధ్రంలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా వస్తాయి. ఆల్టర్నేటర్ ముందు బేరింగు గోల కూడా ఈ బిగింపు పుణ్యమే. పంపు కంపెనీది కాదు నాసిరకం అని పెద్దాయనకి చెప్పారట. ఏ కంపెనీ పంపు వేసినా ఈ లాగుడికి అంతే.

అయితే అంత బిగించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? స్లిప్ అవుతోంది కాబట్టి. మరి ఎందుకు స్లిప్ అవుతోంది? ఆ ప్రశ్న దగ్గర ఎవరూ ఆగినట్టు లేదు.

బెల్టు విప్పాం. మా కుర్రాడు క్రాంక్ పుల్లీ గాడిలో వేలు పెట్టి, "అన్నా, ఇది గాడిలో కూర్చోలేదు, పడుకుంది" అన్నాడు. నిజమే. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. గాడి 13 మిల్లీమీటర్ల బెల్టుకి చేసింది. వేసిన బెల్టు పైవెడల్పు 10. చేతికి ఏది దొరికితే అది వేసేశారు. వి-బెల్టు (అడుగుకి సన్నబడే 'వి' ఆకారపు బెల్టు) పట్టు దాని అడుగున ఉండదు, రెండు పక్కల గోడల మీద ఉంటుంది. గాడి గోడల మధ్య కోణం 36 డిగ్రీలనుకుంటే, బెల్టు ఆ గోడల మధ్య బిగుసుకోవడం వల్ల చదును పుల్లీ మీద కంటే రమారమి మూడు రెట్లు ఎక్కువ పట్టు దొరుకుతుంది. సన్న బెల్టు అడుగుకి తగిలి ఆగిపోతే ఆ మూడు రెట్లూ పోయినట్టే. సరిగ్గా కూర్చున్న బెల్టు పైభాగం పుల్లీ అంచుతో సమానంగానో, ఒక వెంట్రుక పైకో ఉండాలి. ఇది అంచుకి బాగా లోపలికి దిగిపోయి ఉంది.

ఇంకొకటి చూశాం. క్రాంక్ పుల్లీ ముందు ఒకప్పుడు ఏసీ, పవర్ స్టీరింగ్ కోసం రెండు గాడుల అదనపు పుల్లీ బోల్టు చేసి ఉండేది. దాన్ని తీసేసి, దానితో వచ్చిన పొడుగు బోల్టులనే తిరిగి బిగించారు. మధ్యలో ఉండే ముక్క పోయింది కాబట్టి ఆ బోల్టులు రంధ్రం అడుగుకి వెళ్ళి ఆగిపోతున్నాయి. స్పానర్‌కి మాత్రం 'టైట్' అనే అనిపిస్తుంది. బోల్టు తల కింద ఫీలర్ గేజి సన్న రేకు పెడితే దూరిపోయింది. ఇలాంటి పుల్లీ ఏదో ఒక రోజు హైవే మీద ఊగుతుంది, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోతాయి. మన అదృష్టం, ఇక్కడ ఇంకా అంతదాకా రాలేదు. అదనపు పుల్లీ తీసిన ప్రతి బండిలోనూ బోల్టు పొడవు కొలవండి. పుల్లీ లేకుండా బోల్టుని చేత్తో తిప్పుతూ పంపితే లోపలికి ఎంత దూరం పోతుందో చూడండి; బోల్టు పొడవులోంచి పుల్లీ మందం తీసేస్తే మిగిలేది అంతకంటే తక్కువే ఉండాలి.

ఇవి రెండూ సరిచేస్తే చాలనిపించింది మొదట్లో మా కుర్రాళ్ళకి. నాకు మాత్రం ఆల్టర్నేటర్ ఉన్న చోటు నచ్చలేదు. అది ఇంజను పక్కన కిందగా కాకుండా, వాటర్ పంపు కంటే పైకి, లేత్ షాపులో చేయించిన ఒక ఇనప బ్రాకెట్ మీద కూర్చుని ఉంది.

పాత ఫొటో

పెద్దాయన ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. బండి అమ్ముదామని ఒకప్పుడు బానెట్ ఎత్తి తీసుకున్నది. అందులో మూడు బెల్టులూ స్పష్టంగా ఉన్నాయి.

ఏసీ కిట్టు పెట్టినప్పుడు కంప్రెసర్‌కి చోటు కోసం ఆల్టర్నేటర్‌ని కింది నుంచి తీసి పైకి ఎక్కించారు. లోపలి బెల్టు క్రాంక్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్‌లకి. ముందున్న బెల్టు క్రాంక్ నుంచి కంప్రెసర్‌కి, మధ్యలో ఒక ఐడ్లర్ (దేన్నీ నడపకుండా బెల్టుని బిగుతుగా పట్టి ఉంచే ఉత్త పుల్లీ). ఇక మూడోది, అందరూ 'పవర్ స్టీరింగ్ బెల్టు' అని పిలిచేది, క్రాంక్ నుంచి వాటర్ పంపు పుల్లీ రెండో గాడి మీదుగా ఎదుటి పక్కన ఉన్న స్టీరింగ్ పంపుకి వెళ్తోంది. రెండు గాడుల వాటర్ పంపు పుల్లీ కూడా ఆ కిట్టుతోనే వచ్చినట్టుంది.

ఇప్పుడు ఆ పుల్లీని చేతిలోకి తీసుకుని రెండు గాడులూ పక్కపక్కన చూస్తే కథ అంతా అక్కడే ఉంది. స్టీరింగ్ బెల్టు నడిచిన ముందు గాడి గోడలు నున్నగా, ఏళ్ళ తరబడి పనిచేసిన గుర్తుతో ఉన్నాయి. లోపలి గాడి గోడల పైఅంచుల దగ్గర మిషను గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. అంటే ఇన్నాళ్ళూ వాటర్ పంపునీ ఫ్యాన్‌నీ తిప్పింది ఎక్కువగా స్టీరింగ్ బెల్టే. ఆల్టర్నేటర్ బెల్టు ఆ పుల్లీని ఊరికే తాకి వెళ్ళిపోయేది. స్టీరింగ్ పంపు తీసినవాళ్ళు, స్టీరింగ్ బెల్టు ఇక అక్కర్లేదనుకుని అదీ తీసేశారు. పేరు స్టీరింగ్‌ది, చాకిరీ మాత్రం కూలింగ్‌ది. బెల్టులు తగ్గించే పనిలో ముందుగా కాగితం మీద ప్రతి బెల్టు దారీ గీసుకోమని నేను మొత్తుకునేది అందుకే. ఒక బెల్టు ఏమేమి తిప్పుతోందో దాని పేరు చెప్పదు, దారి చెబుతుంది.

చుట్టు లెక్క

బెల్టు పుల్లీని ఎన్ని డిగ్రీల మేర చుట్టుకుని ఉందో దాన్ని మేము చుట్టు అంటాం. క్రాంక్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ మూడింటినీ ఒకే బెల్టు బయటి నుంచి చుట్టినప్పుడు ఆ మూడు చుట్టులూ కలిపితే కచ్చితంగా 360 డిగ్రీలే వస్తుంది. పుల్లీలు ఎంత సైజువైనా, ఎక్కడున్నా సరే. కాబట్టి ఒకదానికి ఎక్కువ ఇస్తే ఇంకోదానికి తగ్గాల్సిందే.

ఈ బండిలో సెంటర్ల మధ్య దూరాలు కొలిచి అట్టముక్క మీద గీశాం. క్రాంక్ పుల్లీ 135 మిల్లీమీటర్లు, పంపుది 120, ఆల్టర్నేటర్‌ది 70. ఆల్టర్నేటర్ పైన ఉన్నప్పుడు క్రాంక్ చుట్టు సుమారు 160 డిగ్రీలు, ఆల్టర్నేటర్ చుట్టు 130, వాటర్ పంపుకి మిగిలింది 70. బెల్టుల పట్టికల్లో 180 డిగ్రీల చుట్టు ఉన్నప్పటి సామర్థ్యం 1 అనుకుంటే 150 దగ్గర 0.92, 120 దగ్గర 0.82, 90 దగ్గర 0.69 అని ఉంటుంది. మామూలుగా దొరికే చాలా పట్టికలు 90 చుట్టుపక్కలే ఆగిపోతాయి. 70 డిగ్రీల మీద ఫ్యాన్ తిప్పే పుల్లీ నడపమని ఎవరూ చెప్పరన్నమాట.

ట్రాఫిక్‌లో బాగుండి కొండ మీదే వేడెక్కడానికి జవాబు కూడా ఇదే. మామూలుగా ఫ్యాన్ సమస్య ఉన్న బండి ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, రోడ్డు మీద పరిగెడితే చల్లబడుతుంది. ఇక్కడ తిరగబడింది. అందుకే అందరి చూపూ రేడియేటర్ మీద పడింది. కానీ ఫ్యాన్ స్పీడు రెట్టింపైతే అది అడిగే పవరు ఎనిమిది రెట్లవుతుంది. ఐడ్లింగ్‌లో ఫ్యాన్ అడిగేది కొంచెమే, 70 డిగ్రీల చుట్టు దానికి సరిపోతుంది. అడివివరం దాటి ఘాట్‌లో సెకండ్ గేర్‌లో మూడు వేల ఆర్‌పీఎం మీద లాగుతున్నప్పుడు ఫ్యాన్ బరువు అమాంతం పెరుగుతుంది, అప్పుడు బెల్టు చేతులెత్తేస్తుంది. బండి స్లోగా ఎక్కుతోంది కాబట్టి ఎదురుగాలీ లేదు. కీచుమనే చప్పుడు ఇంజను మోతలో కలిసిపోతుంది.

ఇదంతా ఊహ కాదని తేల్చుకోవడానికి పుల్లీల మీద మెరిసే టేపు ముక్కలు అంటించి లేజర్ టాకోమీటర్‌తో కొలిచాం. క్రాంక్ 3000 తిరిగితే, 135ని 120తో భాగించిన లెక్కన, పంపు 3375 తిరగాలి. మంచి వి-బెల్టు ఒకటి రెండు శాతం జారడం మామూలే. ఇంజను బాగా వేడెక్కాక ఇక్కడ చూపించింది 2900. పధ్నాలుగు శాతం పైచిలుకు జారుడు. అదీ బెల్టు అంత బిగించి ఉండగా. (ఫ్యాన్ తిరుగుతుంటే ముందు నిలబడి కొలిచే పని ఇది. మెడలో తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా చేతులు ఉంటే మా షెడ్డులో దగ్గరికి రానివ్వను.)

ఒక్కోటిగా

అన్నీ ఒకేసారి మార్చి, బాగైందని బిల్లు ఇవ్వడం తేలిక. పెద్దాయనకి ఇప్పటికే చాలా ఖర్చయింది, దేనివల్ల ఎంత తగ్గిందో ఆయనకి తెలియాలనిపించింది. అందుకని ప్రతి మార్పు తర్వాతా మిట్ట మధ్యాహ్నం ఎండలో అదే ఘాట్, అదే గేర్. కొండపైన ఆపీ ఆపగానే థర్మోస్టాట్ హౌసింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలత. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ అబద్ధం చెబుతుంది, అందుకే హౌసింగ్ మీద ముందే నల్ల పెయింటు మచ్చ వేశాం. ఏ మార్పూ చేయకముందు కొండపైన 108 డిగ్రీలు.

మొదట ఏసీ కండెన్సర్, అంటే ఏసీ గ్యాసుని చల్లబరిచే జాలీ, తీశాం. కంప్రెసర్ పీకేసినా కండెన్సర్‌ని రేడియేటర్ ముందే వదిలేశారు. మన సముద్రపు ఉప్పుగాలికి దాని రెక్కలు పొడిపొడిగా రాలిపోయి, ఆ పొడి, రోడ్డు దుమ్ము కలిసి గట్టిగా పేరుకుపోయాయి. కొత్త కోర్ వేయించిన రేడియేటర్‌కి గాలి అందాల్సింది దాని గుండానే. బోల్టులు తుప్పుపట్టి తిరగకపోతే బ్రాకెట్లు కోసి మరీ తీశాం. కొండపైన 104కి దిగింది. పనికిరాని సామాను తీసేటప్పుడు బెల్టు, కంప్రెసర్ గుర్తుంటాయి, ముందున్న కండెన్సర్ మాత్రం చాలా బళ్ళలో అలాగే మిగిలిపోతుంది.

తర్వాత బెల్టు. ఆల్టర్నేటర్‌ని కదపకుండా, అదే దారిలో 13 మిల్లీమీటర్ల బెల్టు వేసి మామూలు బిగింపు పెట్టాం. వేడి మీద పంపు 3170 తిరిగింది, అంటే జారుడు ఆరు శాతం. కొండపైన 99. బాగుపడింది గానీ సరిపోదు. జారే బెల్టు తనంతట తానే వేడెక్కి, గోడలు గట్టిపడి, ఇంకా ఎక్కువ జారుతుంది. ఆరుతో మొదలైంది ఎండాకాలం చివరికి ఆరు దగ్గరే ఉండదు.

ఇక చుట్టు పెంచాలి. దానికి దారులు మూడు కనిపించాయి. స్టీరింగ్ పంపు ఉన్న చోట బేరింగు మీద ఉత్త పుల్లీ ఒకటి పెట్టి పాత బెల్టుని మళ్ళీ నడపడం ఒకటి. పనిచేస్తుంది, కానీ ఆ కిట్టు బ్రాకెట్ వెల్డింగు దగ్గర పగిలి ఉంది. పైగా ఏమీ నడపని పుల్లీ కోసం ఒక బెల్టు మోయడం నాకు నచ్చదు. రెండోది, క్రాంక్‌కీ పంపుకీ మధ్య బెల్టు వీపు మీద బయటి నుంచి ఐడ్లర్ నొక్కడం. మూడు చుట్టుల మొత్తాన్ని 360 దాటించగలిగేది ఇదొక్కటే. ఐడ్లర్ ఎంత వంచితే అంత మేర చుట్టు పెరుగుతుంది. అయితే వి-బెల్టు లోపలివైపుకి వంగడానికి చేసింది, వెనక్కి వంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది. సన్న ఐడ్లర్ అయితే మరీను. మూడోది, ఆల్టర్నేటర్‌ని కంపెనీ పెట్టిన చోటికే, కిందికి దింపడం. కంప్రెసర్ పోయాక ఆ చోటు ఎలాగూ ఖాళీ. ఇంజను గీసినవాళ్ళు ఆ చోటు ఊరికే ఎంచుకోలేదు.

అంబాసిడర్ 1800లో వచ్చింది కూడా ఇదే ఇసుజు ఇంజను కావడం మనకి కలిసొచ్చింది. గాజువాక ఆటోనగర్‌లో పాత సామాన్ల మధ్య కింది బ్రాకెట్ దొరికింది. ఆల్టర్నేటర్ ఊగే ఇరుసు, అంటే పివట్ బోల్టు, రంధ్రం అరిగిపోయి ఉంటే లేత్ మీద బోరు చేయించి బుష్ కొట్టించాం. అది వదులుగా ఉంటే బెల్టు లాగుడుకి ఆల్టర్నేటర్ ముక్కు వంగుతుంది, ఎంత లైను పెట్టినా నిలవదు. బ్యాటరీ నెగెటివ్ విప్పాకే ఆల్టర్నేటర్ వైరు ముట్టుకోండి. తెలిసిన సంగతే, అయినా తొందరలో స్పానర్ బాడీకి తగిలించేవాళ్ళని చూస్తూనే ఉన్నాను.

కంప్రెసర్ బ్రాకెట్ విప్పిన బ్లాకు రంధ్రాలని తెరిచి వదల్లేదు. తీగ పెట్టి చూస్తే అడుగు మూసే ఉంది, నీళ్ళ జాకెట్‌లోకో నూనె దారిలోకో తెరుచుకోలేదు. గ్రీజు పెట్టి పొట్టి బోల్టులు బిగించాం. ఇంజను ఏదైనా ఇది మాత్రం చూడకుండా వదలకూడదు. కొన్ని ఇంజన్లలో అలాంటి రంధ్రం లోపలికి తెరుచుకునే ఉంటుంది, ఇన్నాళ్ళూ ఆ బోల్టే దానికి బిరడా. క్రాంక్ పుల్లీకి సరైన పొడవు బోల్టులు, కొత్త స్ప్రింగు వాషర్లు. ఆ తర్వాత ఇనప స్కేలు పుల్లీ ముఖాల మీద ఆనించి లైను చూస్తే ఆల్టర్నేటర్ కొంచెం ముందుకి ఉంది. పివట్ దగ్గర షిమ్ములు (సన్న రేకు ముక్కలు) సర్ది వెనక్కి లాగాం.

కొత్త చోట కొలిస్తే క్రాంక్‌కి 130, పంపుకి 130, ఆల్టర్నేటర్‌కి 100 డిగ్రీల చుట్టు వచ్చింది.

బెల్టు పొడవు లెక్కకి సూత్రం కంటే నాకు పాత బెల్టు ముక్క మీదే నమ్మకం. అదే వెడల్పు పాత బెల్టుని ఒకచోట కోసి, ఆల్టర్నేటర్‌ని దాదాపు లోపలికి నెట్టి పెట్టి, మూడు పుల్లీల చుట్టూ గాడుల్లో పరిచి, కొసలు కలిసిన చోట సుద్దముక్కతో గీత పెట్టాలి. తాడుతో కొలిస్తే అది గాడి అడుగుకి దిగిపోతుంది, పొడవు తక్కువ చూపిస్తుంది. ఆల్టర్నేటర్‌ని పూర్తిగా లోపలికి నెట్టి కొలిస్తే కొత్త బెల్టు ఎక్కించడానికి వెసులుబాటు ఉండదు. బాగా బయటికి లాగి కొలిస్తే సాగిన బెల్టుని బిగించడానికి అడ్జస్టర్‌లో చోటు మిగలదు. ఈ బండికి 13 మిల్లీమీటర్ల వెడల్పు, 1050 పొడవు తేలింది. ఈ అంకె ఈ బ్రాకెట్లకీ ఈ పుల్లీలకీ మాత్రమే. మీ కాంటెస్సాకి ఇదే కొనేసి తీరా సరిపోకపోతే నన్ను తిట్టుకోవద్దు.

బిగింపు విషయంలో, 100 మిల్లీమీటర్ల ఖాళీకి 1.6 మిల్లీమీటర్ల చొప్పున వంగాలని లెక్క. ఇక్కడ క్రాంక్‌కీ పంపుకీ మధ్య 250 ఉంది, అంటే బొటనవేలితో గట్టిగా నొక్కితే నాలుగైదు మిల్లీమీటర్లు దిగాలి. కార్లకి అందరూ చెప్పే "సెంటీమీటరు దిగాలి" అన్న మాట పొడుగు ఖాళీలకి. ఇంత పొట్టి ఖాళీలో సెంటీమీటరు దిగితే అది వదులే. కొత్త బెల్టు మొదట్లో గాడిలో సర్దుకుని, కాస్త సాగి వదులవుతుంది. అందుకే కాసేపు నడిపి, చల్లారనిచ్చి, మళ్ళీ బిగించి పంపాం.

వేడి మీద పంపు 3330 తిరిగింది. జారుడు ఒకటిన్నర శాతం లోపే. కొండపైన 91. కొత్త పంపు, ఆల్టర్నేటర్‌కి కొత్త బేరింగు కూడా ఈ దఫాలోనే వేశాం. మంచినీళ్ళ బదులు కూలెంట్ పోసి, చివరగా థర్మోస్టాట్ తిరిగి పెట్టాం. మన విశాఖలో చలెక్కడిది, థర్మోస్టాట్ ఎందుకు అని చాలా షెడ్డుల్లో మొదట పీకేసేది దాన్నే. అది బయట చలి కోసం కాదు. ఇంజను తన పని వేడికి త్వరగా చేరి అక్కడే నిలబడటం కోసం. అది లేని బండి బీచ్ రోడ్డు మీద పొద్దున్న పూట చల్లగా నడుస్తూ ప్లగ్గులకి మసి పట్టిస్తుంది, పెట్రోలు తాగుతుంది.

ఇక్కడ పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి

ఆల్టర్నేటర్ చుట్టు 130 నుంచి 100కి తగ్గింది. సామర్థ్యం లెక్కలో అది 0.86 నుంచి 0.74కి దిగడం. 14 వోల్టుల మీద 45 ఆంపియర్లు ఇస్తే బయటికి వచ్చేది 630 వాట్లు. ఆల్టర్నేటర్ లోపల పోయేది కలుపుకుంటే బెల్టు మీద పడేది కిలోవాటు పైనే. ఆరోగ్యంగా ఉన్న 13 మిల్లీమీటర్ల బెల్టుకి అది పెద్ద బరువు కాదు. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ అన్నీ వేసి ఐడ్లింగ్‌లో చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు నిలబడింది. కానీ పెద్దాయన అడిగిన 100 వాట్ల హెడ్‌లైటు బల్బులకి నేను ఒప్పుకోలేదు. 60/55 వాట్ల బల్బులతోనే సరిపెట్టుకోమన్నాను.

మైలేజీ మీద ఆయన పెట్టుకున్న ఆశ కూడా తీరదు. ఏసీ ఆపేసి ఉన్నప్పుడు కంప్రెసర్ క్లచ్చి వదిలేసే ఉంటుంది, పుల్లీ ఒక్కటే బేరింగు మీద ఊరికే తిరుగుతుంది. అది తీస్తే మిగిలే పెట్రోలు చెప్పుకోదగ్గది కాదు. కలిసొచ్చేది చోటు, తగ్గేది మరమ్మతు ఖర్చు, తలనొప్పి.

అసలు పెద్ద మార్పు వేరే. ఇప్పుడు పంపు, ఫ్యాను, ఛార్జింగు మూడూ ఒకే బెల్టు మీద ఉన్నాయి. అది తెగితే అన్నీ ఒకేసారి ఆగుతాయి. అందుకే డిక్కీలో అదే సైజు కొత్త బెల్టు ఒకటి, రెండు స్పానర్లు పెట్టి పంపాం. అయితే ఇందులో నాకు నచ్చిన సంగతొకటుంది. మునుపు ఆ స్టీరింగ్ బెల్టు తెగి ఉంటే స్టీరింగ్ బరువెక్కేది తప్ప డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలిగేది కాదు. పంపు పట్టు పోయిన సంగతి ముల్లు పైకి పోయాకే తెలిసేది. ఇప్పుడు బెల్టు తెగిన క్షణమే ఎర్ర బ్యాటరీ దీపం వెలుగుతుంది. ఆ దీపం వస్తే ఇంటిదాకా పోనిద్దాం అనుకోకుండా పక్కకి ఆపి ఇంజను కట్టేయాలని ఆయనకీ, బండి నడిపే వాళ్ళబ్బాయికీ చెప్పాను.

ఈ లెక్కంతా విడివిడి వి-బెల్టులున్న పాత బళ్ళకి. ఒకే వెడల్పాటి గీతల బెల్టు పాములా మెలికలు తిరిగే కొత్త బళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ కొన్ని పుల్లీలని బెల్టు వీపు తిప్పుతుంది. ఒక సామాను తీసేసి పొట్టి బెల్టు వేసినప్పుడు దారి మారి, వీపు తిప్పాల్సిన వాటర్ పంపుని గీతల వైపు తిప్పితే పంపు వెనక్కి తిరుగుతుంది. బెల్టు బిగుతుగా ఉంటుంది, చప్పుడు రాదు, బండి మాత్రం ఉడికిపోతుంది. ఇంజను లోపలి టైమింగ్ బెల్టు సంగతి వేరే. ఈ పనిలో దాని జోలికే పోకూడదు.

వానల్లో బెల్టు మీద నీళ్ళు చిమ్మితే ఒకటి రెండు క్షణాలు కీచుమనడం ఉండొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. సబ్బు రాయడం, జిగురు స్ప్రే కొట్టడం మాత్రం వద్దు. కీచుమనడం ఆగకపోతే బెల్టు ఏదో చెబుతోందని అర్థం, దాని నోరు మూయించకూడదు.

బండి తీసుకెళ్ళేటప్పుడు పెద్దాయన ఇంకొకటి అడిగారు. వాళ్ళావిడ ఏసీ కావాలంటున్నారట, ఎప్పటికైనా మళ్ళీ పెట్టొచ్చా అని. పెట్టొచ్చు. ఆల్టర్నేటర్‌ని ఉన్న చోటి నుంచి కదపకుండా, స్టీరింగ్ పంపు ఉండిన ఎదుటి పక్కన కంప్రెసర్‌కి కొత్త బ్రాకెట్, దానికి విడిగా ఒక బెల్టు, విడిగా ఒక ఐడ్లర్. వాటర్ పంపు మీదుగా ఆ బెల్టు పోకూడదు. బ్రాకెట్ ముందు అట్టతో చేసి చూసుకోవాలి. పనికి ఎంతవుతుందో లెక్కేసి చెబుతానన్నాను.